లోర్నా ముందు పన్ను

మా చెల్లెలు లోర్నా ముందు పన్ను బ్యాండు ప్రాక్టీసులో పోయింది. పోగొట్టినవాడు నా మొగుడు క్లైవ్. కళ్లారా చూసినదాన్ని నేనొక్కదాన్నే.

మాది పెన్‌హేల్. మా ముత్తాతలు తవ్విన రాగి గనులు ఎప్పుడో మూతపడ్డాయి. వాళ్లు పెట్టిన బ్రాస్ బ్యాండు మాత్రం ఇంకా నడుస్తోంది. క్లైవ్ దానికి పంతొమ్మిదేళ్లుగా మాస్టరు. నేను వెనకాల నిలబడి పెద్ద డ్రమ్ము కొడతాను. లోర్నాది ముందు వరసలో మొదటి కార్నెట్. చూడ్డానికి చిన్న బాకాలా ఉంటుంది గానీ బ్యాండు మొత్తం దాని వెనకే నడవాలి. లోర్నా ఊదుతుంటే బార్లీ లారీల డ్రైవర్లు హాలు ముందు బండి ఆపుకుని వినేవాళ్లు. ఆ సంగతి క్లైవ్‌కి తెలుసు. లోర్నాకి ఇంకా బాగా తెలుసు. అందుకే వాళ్లిద్దరికీ ఒక్క రోజూ పడలేదు.

అది మార్చి నెల, మంగళవారం సాయంత్రం. మే నెల పండగకి వాయించాల్సిన పాట నేర్చుకుంటున్నాం. సగంలో క్లైవ్ పాట కాగితాల స్టాండు మీద కర్రతో కొట్టి ఆపమన్నాడు. అందరూ ఆపి, మొదటి పేజీ వెతుక్కుంటున్నారు. లోర్నా ఆపలేదు. కళ్లు మూసుకుని తన ముక్క చివరిదాకా ఊదుతూనే ఉంది.

"లోర్నా, ఆపమన్నాను."

ఆమె ఊదుతూనే ఉంది.

క్లైవ్ మెట్టు దిగి వచ్చి, అరచేత్తో ఆ కార్నెట్‌ని ముందునుంచి ఒక్క తోపు తోశాడు. కప్పు నెర్రె విచ్చినట్టు చిన్న చప్పుడైంది. లోర్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి రక్తం కారి ఒళ్లో పడింది. జనం తలెత్తి చూసేసరికి క్లైవ్ చేతిలో ఆమె స్టాండు మీది కాగితం ఉంది.

"కాగితం తీద్దామని వచ్చాను. ఈవిడ ముందుకి వంగింది" అన్నాడు, అందరికీ వినపడేలా. తర్వాత నా వైపు చూశాడు.

నేను డ్రమ్ము కర్ర కింద పెట్టి, తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్లాను. ఆ రోజు నేను చేసింది అంతే.

మర్నాడు పక్క టౌను కడీనాలో పళ్ల డాక్టరు దగ్గరికి లోర్నాని నేనే తీసుకెళ్లాను. డాక్టరు పేరు పరీసా. ఇరాన్ నుంచి వచ్చి ఆరేళ్లైంది. మెత్తగా మాట్లాడే మనిషి కాదు. ఎక్స్‌రే చూసి, "వేరు నిలువునా చీలింది. తీసేయాలి" అంది. అరగంటలో తీసేసింది.

పన్ను తీసేశాక, బుగ్గలో దూది పెట్టుకుని కూర్చున్న లోర్నాకి దారులు చెప్పింది.

"వారం తిరక్కుండా పెట్టించుకోగలిగేది తీసి పెట్టుకునే పన్ను. పగలు పెట్టుకోవచ్చు, పడుకునేముందు తీసి నీళ్లలో వేయాలి. మాట్లాడ్డానికి, నవ్వడానికి సరిపోతుంది. బాకాకి ఆగుతుందని నేను చెప్పను. రెండోది బ్రిడ్జి. అటూ ఇటూ ఉన్న పళ్లు రెండూ అరగదీసి, మూడింటికీ కలిపి ఒకటే తొడుగు వేస్తాను. చిగురు మానగానే, పండగలోపే అయిపోతుంది."

"ఆ రెండు పళ్లకీ ఏమైనా ఉందా?" అంది లోర్నా.

"ఏమీ లేదు. శుభ్రంగా ఉన్నాయి."

"మూడోది?"

"ఇంప్లాంటు. ఎముక మానడానికి మూడు నెలలు. తర్వాత దవడ ఎముకలో స్క్రూ బిగిస్తాను. అది ఎముకకి పట్టుకోవడానికి ఇంకో నాలుగైదు నెలలు. అప్పుడు దాని మీద పన్ను. స్క్రూ బిగించాక పన్ను వచ్చేదాకా బాకా పెదవికి ఆనించకూడదు."

"ఆ తర్వాత నా పాట నాకొస్తుందా?"

"పన్ను గట్టిగా ఉంటుంది. పాట సంగతి నాకు తెలియదమ్మా."

క్లైవ్ ఆ రోజు భోజనాల దగ్గర నా నోటినుంచి అంతా రాబట్టాడు. "బ్రిడ్జి వేయించుకోమను. ఏడు వారాల్లో పండగ. ఎముక మానాలి, ఎముక పట్టాలి అని ఏడాది కూర్చుంటే కుర్చీ ఖాళీగా ఉంచనని చెప్పు."

"నువ్వే చెప్పుకో."

"నా మాట వింటే పన్నెందుకు పోతుంది?" అని మాంసం కూరిన పేస్టీ విరుచుకుని తిన్నాడు.

నేనే వెళ్లి చెప్పాను. లోర్నా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పైపెదవి ఇంకా వాచే ఉంది.

"మీ ఆయన ఒక పన్ను తీసుకున్నాడు. దానికి బదులు మంచి పళ్లు రెండు నేను అరగదీయించుకోవాలా?" అంది. "పోయి అడుగు అక్కా. ఇంకా ఏమైనా కావాలేమో, చేతివేళ్లూ అవీ."

"పొరపాటున జరిగిందంటున్నాడు కదే."

ఆమె చేతిలో క్లిప్పు అలాగే పట్టుకుని నన్ను చూసింది. "నువ్వెక్కడున్నావు అప్పుడు?"

"వెనకాల."

"వెనకాల నిలబడేవాళ్లకే అందరూ కనపడతారు" అని దుప్పటి అవతలికి వెళ్లిపోయింది.

ముందు తీసి పెట్టుకునే పన్నుతోనే ప్రయత్నించింది. ఇంట్లో పది రోజులు సాధన చేసి ప్రాక్టీసుకి వచ్చింది. కింది స్వరాలు బాగానే పలికాయి. పైకి వెళ్లేసరికి ఆ పన్ను లేచి, సందులోంచి గాలి సుయ్‌మని పోయింది. క్లైవ్ కర్ర ఆపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎవరో స్టవ్వు మీద కెటిల్ మరిచిపోయినట్టున్నారు" అన్నాడు.

నలుగురైదుగురు నవ్వారు. వాళ్లలో ఆమె పక్కనే కూర్చుని ఊదే మాంసం కొట్టు డారెల్ హాకింగ్ కూడా ఉన్నాడు. లోర్నా అందరిముందే ఆ పన్ను తీసి జేబురుమాల్లో చుట్టుకుంది. కార్నెట్ పెట్టెలో పెట్టి మూసింది. క్లైవ్ ముందు నిలబడి, ఆ సందు కనపడేలా నోరు తెరిచింది.

"బాగా చూసుకో బావా. నీ చేతిపనే."

"పండగకి వస్తావా రావా, అది చెప్పు."

"ఇంప్లాంటు వేయించుకుంటున్నాను. పండగ నువ్వే చేసుకో."

క్లైవ్ వెంటనే, ఆమె తలుపు దాటకముందే, "డారెల్, ఆ కుర్చీలోకి జరుగు" అన్నాడు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆ కుర్చీ ఖాళీ అయినప్పుడు నాకు లోపలెక్కడో హాయిగా అనిపించింది. చిన్నప్పుడు మా నాన్న తన కార్నెట్ మా ఇద్దరి చేతా ఊదించి చూసి, దాన్ని లోర్నాకిచ్చి, నా చేతికి డ్రమ్ము కర్ర ఇచ్చాడు. అరవై మూడేళ్లొచ్చినా అది నాకు మానలేదు. కాబట్టి, హాల్లో ఎవరికైనా దెబ్బ తగిలితే రాసే ప్రమాదాల పుస్తకం క్లైవ్ తెచ్చి నా ముందు పెట్టినప్పుడు, మొగుడికి భయపడి సంతకం పెట్టానని చెప్పుకోలేను. 'వాయించే వ్యక్తి అజాగ్రత్తగా ముందుకు వంగడం వల్ల' అని రాసి ఉంది. కింద సాక్షి అన్నచోట నా పేరు రాసి, గీత కూడా గీశాను.

ఆ పుస్తకం హాల్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. వారంలోపు లోర్నా చూసింది. మా ఇంటికి రాలేదు. నేను బేకరీ ముందు వరసలో నిలబడి ఉంటే వెనకనుంచి వచ్చి అడిగింది.

"నీ పళ్లన్నీ ఉన్నాయి కదా అక్కా. ఒక్క మాట బయటికి రాలేదేం?"

వరసలో ఉన్న ఆడవాళ్లు రొట్టెల వైపు చూస్తూ నిలబడ్డారు. నేనూ రొట్టెల వైపే చూశాను.

మేలో పండగ అయింది. డారెల్ తప్పుల్లేకుండానే ఊదాడు. ఎవరూ లారీ ఆపలేదు. జూన్‌లో లోర్నా దవడలో స్క్రూ బిగించారు. కడీనాకి బస్సులో వెళ్లి వస్తోందని పోస్టాఫీసులో విన్నాను. మా వైపు చలికాలం జూన్ నుంచి ఆగస్టు దాకా. ఆ చలికాలమంతా ఆమె ఇంటి ముందునుంచి నడిచి వెళ్తుంటే లోపల రేడియో తప్ప ఇంకే చప్పుడూ వినపడేది కాదు. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లోంచి రోజూ ఏదో ఒక పాట వచ్చేది. మొదట్లో ఆ నిశ్శబ్దం నాకు బాగానే ఉంది. ఆగస్టు వచ్చేసరికి వేరే వీధిలోంచి తిరిగి వెళ్లడం మొదలుపెట్టాను.

నవంబరులో బ్యాండు సర్వసభ్య సమావేశం. లోర్నాకి పన్ను పెట్టి నాలుగు రోజులైంది. వచ్చి చివరి వరసలో, పెదవులు బిగించుకుని కూర్చుంది. టీ తాగడం అయ్యాక క్లైవ్ లేచి కాగితం చదివాడు. ఆరు నెలలకి మించి రానివాళ్ల సభ్యత్వం పోవాలి. మళ్లీ చేరాలంటే మాస్టరు ముందు పరీక్ష ఇవ్వాలి.

"ఇది నా మీద పెట్టిన రూలు" అంది లోర్నా కూర్చున్నచోటనుంచే.

"నీ మీద ఎవరికేం కోపం? నీ అజాగ్రత్తకి బ్యాండు ఎన్నాళ్లు ఆగుతుంది? ప్రమాదాల పుస్తకంలో ఉంది. సంతకం పెట్టింది పరాయివాళ్లు కాదు, నీ సొంత అక్క."

నా సంతకాన్ని అలా ఎత్తి చూపించాడు. హాల్లో అందరూ నా వైపు తిరిగారు. లోర్నా మాత్రం తిరగలేదు.

నేను లేచాను. "ఆ సంతకం అబద్ధం" అన్నాను. "లోర్నా వంగలేదు. క్లైవ్ చేత్తో తోశాడు. నేను చూశాను."

"గ్లెనిస్, కూర్చో."

"కాగితం తర్వాత తీశాడు. తోసిన తర్వాత."

"మతి పోయిందా నీకు? ఇంటికెళ్లి మాట్లాడుకుందాం, కూర్చో."

"ఇంట్లో మాట్లాడుకోవడానికి ఏముంది? ఇంట్లో నువ్వూ నేనూ ఇద్దరం జరిగింది తెలిసినవాళ్లమే."

డారెల్ హాకింగ్ గొంతు సవరించుకుని, క్లైవ్‌ని ఒకటే అడిగాడు. "తోశావా లేదా?"

క్లైవ్ ఎర్రబడిన మొహంతో, "ఆపమంటే ఆపాలి" అన్నాడు. అది చాలింది. రూలు ఓడిపోయింది. ఏటా ఆ సమావేశంలోనే జరిగే మాస్టరు ఎన్నికలో అతనికి ఏడు ఓట్లు పడ్డాయి, డారెల్‌కి పదిహేను. క్లైవ్ టోపీ తీసుకుని, నాకోసం ఆగకుండా కారు తీసుకెళ్లిపోయాడు. నేను నడిచి ఇంటికి చేరేసరికి తన బట్టలు షెడ్డులోకి మోసుకుంటున్నాడు. ఇప్పటికీ అక్కడే పడుకుంటాడు. భోజనం గడప దగ్గర తీసుకుంటాడు. ఉప్పు తక్కువైతే కూడా చెప్పడు.

సమావేశం అయిన మర్నాడు లోర్నా ఇంటికి వెళ్లాను. తలుపు సగమే తీసింది.

"ఎనిమిది నెలలు పట్టింది నీకు" అంది. "నా ఎముక కూడా అంతలోనే మానింది. దానికైతే నేను చెల్లెలినని తెలియదు పాపం, నీకు తెలుసు."

"తప్పు చేశాను లోర్నా."

"చేశావు" అని తలుపు వేసుకుంది.

ఆమె బ్యాండుకి తిరిగొచ్చింది. కానీ ఎనిమిది నెలల్లో పెదవి బలం పోయింది. పైస్వరాలు రెండు నిమిషాలు ఊదితే నోటి పక్కన కండ వణుకుతుంది. డారెల్ ఆమె పాత కుర్చీ చూపిస్తే అక్కర్లేదని, మూడో వరసలో, పాట నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లల పక్కన కూర్చుంది. పొద్దున గంట, సాయంత్రం గంట ఊదుతోంది. మెల్లిగా వస్తోంది. మునుపటి పాట కాదు, కొంచెం గరుకు తేలింది. కొందరు ఇదే బాగుందంటారు. నాకు మునుపటిదే బాగుంది. ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు.

పోయిన నెల ఒక రోజు బస్సు రద్దయింది. ఇంకెవరూ దొరక్క నాకు ఫోను చేసింది. "కడీనా, పదిన్నరకి" అంది, పలకరింపు లేకుండా. పదిహేడు కిలోమీటర్లూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆస్పత్రిలో పరీసా డాక్టరు ఆమె చిగురు నొక్కి చూసి, స్క్రూ రాయిలా పట్టుకుందని చెప్పింది. మొదటి రోజు వచ్చినదాన్నని గుర్తుపట్టక, మూల కుర్చీలో ఉన్న నన్ను చూసి, "ఈవిడ ఎవరు?" అంది.

లోర్నా కుర్చీలోంచి లేచి, గ్లాసులో నీళ్లు పుక్కిలించి ఉమ్మింది. మూతి తుడుచుకోవడానికి చాలాసేపు తీసుకుంది.

"మా అక్క" అంది. "బండి నడపడానికి వచ్చింది."