సూదమ్మ సాక్ష్యం

“ఈ మాట దగ్గర నీ గొంతు కాస్త వణికితే బాగుంటుంది,” అన్నాడు భర్త, కాగితం మీద ఆ చోట పెన్సిలుతో చిన్న చుక్క పెడుతూ.

ఆమె అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు అయింది, భుజాలు అయ్యాయి, ఇక చేతులు మిగిలాయి. ఆదివారం ఉదయం ఆ ఇంట్లో ముగ్గురు తయారవ్వాలి. ముగ్గురినీ తయారుచేయవలసింది మాత్రం ఒక్కతే. పొయ్యి మీది పాలను ఒక చెవితో కాపలా కాస్తూ, రెండో చెవితో ఆమె తన పాపాల జాబితా వింటోంది.

భర్త సంఘానికి కార్యదర్శి. ఉత్తరాలు రాయడంలో దిట్ట. అందుకే ఆమె చెప్పవలసిన సాక్ష్యాన్ని కూడా అతనే రాసిపెట్టాడు. ఇవాళ ఆరాధనలో, ప్రభు బల్ల దగ్గర రొట్టె విరవడానికి ముందు, ఆమె అందరి ఎదుటా నిలబడి దాన్ని చదవాలి. టాటూల దుకాణం మూసేస్తున్నానని ఒప్పుకోవాలి. చదివితే, టాటూ పాపమని పాస్టరుగారు తేల్చినప్పటినుంచి, నాలుగు నెలలుగా ఆమెకు అందని రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం మళ్ళీ అందుతాయి. చదవకపోతే సంఘం పుస్తకంలోంచి పేరు కొట్టేస్తారు.

“‘నా భర్త ఎంత వారించినా వినక ఈ వృత్తిలో దిగాను,’” అని చదివాడతను.

ఇస్త్రీపెట్టె ఆగింది. “మీరెప్పుడు వారించారు? దుకాణం తెరిచిన రోజు బోర్డు కింద నిలబెట్టి ఫోటో తీసింది మీరేగా?”

“అబ్బా, అలా రాస్తేనే నమ్ముతారే. నేను కూడా సరేనన్నానంటే నా కుర్చీకే ఎసరు. వింటున్నావా?”

“వింటున్నాను. కానివ్వండి.”

“‘నా చేతులు అపవిత్రమైనవని ఒప్పుకుంటున్నాను.’ ఇదిగో, ఇక్కడ కన్నీళ్ళొస్తే మరీ మంచిది.”

ఆమె చొక్కా చేయిని బల్ల మీద పరిచి, దాని మీద తన చేతిని చూసుకుంది. కుడి బొటనవేలి గోరు అంచున ఎంత రుద్దినా పోని నీలం. అపవిత్రమైన చేతులు. ప్రతి శనివారం మందిరం వెనకాల తొట్టి దగ్గర గొంతుకూర్చుని, బల్ల కోసం నూట ఇరవై చిన్న గాజుకప్పులను ఒక్కటీ పగలకుండా కడిగేవి ఈ చేతులే. ఈ నాలుగు నెలలూ కడుగుతూనే ఉంది. కడగవద్దని ఎవరూ అనలేదు. కప్పు కడిగితే రాని మైల, అందులోది తాగితే ఎలా వస్తుందో ఆమెకు అంతుబట్టలేదు. గ్రంథంలో ఒకచోట ఒంటి మీద గుర్తులు పొడిపించుకోకూడదని ఉందన్నారు. నిజమే, ఉంది. దానికి పై వాక్యంలోనే గడ్డం అంచులు కత్తిరించకూడదనీ ఉంది. ఆ మాట ఒకసారి భర్తతో అంటే, అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్న అతను, బుగ్గ మీది నురగ తుడుచుకోకుండానే, “అది వేరు, ఇది వేరు,” అన్నాడు. అత్తగారు ఇంకో మెట్టు ఎక్కేది. “మీ కోడలేం చేస్తుందని అడిగితే డ్రాయింగు అంటున్నానమ్మా. ఎక్కడ గీస్తుందని అడక్కముందే అక్కడినుంచి లేచొచ్చేస్తున్నాను.” సంఘంలో కుర్రకారు ఆమెకు పెట్టిన పేరు సూదమ్మ. ఆ పేరు ఆమెకు కోపం తెప్పించలేదు. లోలోపల కొంచెం నచ్చింది కూడా.

తాళంచెవులు చేసే అతనికీ, దర్జీకీ మధ్య ఇరుకైన గది ఆమె దుకాణం. ఎవరొచ్చినా ముందు బొమ్మను చర్మం మీద నీలిగీతలుగా అద్ది, చేతికి అద్దమిచ్చి, “సరేనా?” అని అడుగుతుంది. నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి, సూది తీశాక మరోసారి. మూడుసార్లు సరేనంటేనే మర ఆన్ చేస్తుంది. తన ఇంట్లో తననెవరూ ఒక్కసారైనా అడగని ప్రశ్నను రోజుకు ముగ్గురినీ నలుగురినీ అడగడం ఆమెకు ఒక రకమైన తీపి. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, ప్రభువా, నా చెయ్యి తడబడనివ్వకు అనుకుని, అప్పుడు మొదటి గీత. చేతుల మీది కాలిన మచ్చల మీద పూలతీగ వేయించుకున్న నర్సు ఒకామె, పన్నెండేళ్ళలో మొదటిసారి పొట్టిచేతుల జాకెట్టు వేసుకుని వచ్చి, తలుపు దగ్గరే నిలబడి రెండు చేతులూ ఎత్తి చూపించింది. అటువంటి పనిని పాపమని రాసివ్వమంటే, ఏ సిరాతో రాయాలి?

అయితే ఆ దుకాణానికి వెనక గుమ్మం కూడా ఒకటుంది. ఆ గుమ్మంలోంచి మూడేళ్ళ కిందట, మిట్టమధ్యాహ్నం, తలమీద ముసుగుతో పాస్టరమ్మ వచ్చింది. పెద్ద జబ్బు చేసి, మందులు మింగీ మింగీ ఆమె కనుబొమలు రెండూ రాలిపోయాయి. మళ్ళీ రాలేదు. “ఆయన నా ముఖం చూసి మాట్లాడటం మానేశారు. పలకలా ఉందట,” అంది, నవ్వబోయి నవ్వలేక. ఆ తర్వాత బల్ల మీది సూదిని చూస్తూ, “దీన్ని పచ్చబొట్టే అంటారా?” అని అడిగింది.

“అవునండీ అమ్మగారూ. అదే సూది, అదే రంగు. మీకు అబద్ధం చెప్పను. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి.”

పాస్టరమ్మ అద్దాన్ని ఒళ్ళో బోర్లించుకుని, “కానివ్వు తల్లీ,” అంది. వెంట్రుక వెంట్రుకగా, రెండు గంటలు గీసింది. అవి మళ్ళీ మొలిచాయనే పాస్టరుగారు అనుకున్నారు. ఆ తర్వాత రెండో వరుస బెంచీ మీదివాళ్ళు ఒకరి వెనక ఒకరు, అదే గుమ్మంలోంచి, అదే ముసుగుతో పదిమంది వచ్చారు. వాళ్ళ భాషలో అది టాటూ కాదు, కనుబొమల పని. ఆమె ఎవరి పేరూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. కట్టుకున్నవాడి దగ్గర కూడా. ఒంటి మీది గీత ఆ ఒంటిది. చెప్పుకోవాలో దాచుకోవాలో ఆ మనిషి ఇష్టం.

పోయిన ఆదివారం పాస్టరుగారు పీఠం మీదనుంచి వేలు చాచి తన భార్యనే చూపించారు. “చూడండి ఈ ముఖం! దేవుడు గీసింది గీసినట్టుంది. మనిషి గీసిన గీత ఒక్కటి కనిపిస్తుందేమో వెతకండి!” రెండో వరుసలో ఆడవాళ్ళందరికీ ఒక్కసారిగా చేతిసంచుల్లో ఏదో వెతుక్కోవలసిన అవసరం వచ్చిపడింది. పాస్టరమ్మ తల ఎత్తనే లేదు. సాయంత్రం భర్త, “ఆవిడని చూసి నేర్చుకో,” అన్నాడు. ఆమె నేర్చుకుంటానంది.

“కాలుతోంది, కాలుతోంది!” అని అరిచాడతను. ఇస్త్రీపెట్టె చొక్కా చేతి మీదే ఉండిపోయింది. ఆమె చటుక్కున ఎత్తింది. కాలలేదు, కాస్త వేడెక్కిందంతే.

*

మందిరం నిండిపోయింది. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె ఉంది. పాస్టరుగారు ఆమెను పిలిచారు.

ఆమె నడిచి వెళ్ళి మైకు ముందు నిలబడింది. కాగితం విప్పింది. పెన్సిలు చుక్కలు మూడూ కనిపిస్తున్నాయి: వణుకు, మౌనం, కన్నీళ్ళు. ఎదురుగా రెండో వరుస. పదిమంది ఆమె వంక చూస్తున్నారు, భయంతో. పరీక్ష రాసినవాళ్ళు ఫలితాల బోర్డు వంక చూసినట్టు చూస్తున్నారు. ఇప్పుడు ఒక్క పేరు చాలు. ఒక్క పేరు చెబితే ఈ పీఠం, ఈ ప్రసంగం, భర్తగారి కుర్చీ అన్నీ కలిసి దబ్బున కూలుతాయి. ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. దానితోపాటు అద్దాన్ని ఒళ్ళో బోర్లించుకున్న చేతులూ గుర్తొచ్చాయి. ఆమె ఆ పేరును మింగేసింది.

“ఇది మావారు రాసిచ్చారు,” అంది. “రాత చక్కగా ఉంది. కానీ ఇందులో ఉన్నావిడ ఎవరో నాకు తెలియదు.”

కాగితం మడిచింది. మొదటి బెంచీలో భర్త దగ్గాడు.

“నాకు కోపమెక్కువ. మా అత్తగారి మీద మనసులో చాలాసార్లు గిన్నెలు విసిరాను. వాటికి క్షమించమని ప్రభువును అడుగుతున్నాను. నా పనికి మాత్రం అడగను. సూది పట్టిన ప్రతిసారీ ప్రార్థన చేసే పట్టాను. రేపు కూడా పడతాను. ఇదే నా సాక్ష్యం.”

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆమె పీఠం దిగింది. ఆడవాళ్ళ వరుస అప్పటికే బల్ల ముందు నిలబడి ఉంది. ఎప్పటిలాగే అందరికన్నా ముందు పాస్టరమ్మ ఉంది. సాక్ష్యం చెప్పి దిగిన ఆమె ఎక్కడ నిలబడాలో తోచక ఒక్క క్షణం ఆగింది. పాస్టరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ముందు చోటు ఖాళీ అయింది. ఆమె అందులో నిలబడింది.

పళ్ళెం పట్టుకున్న సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. “కొంచెం పక్కకు జరగమ్మా. వెనకవాళ్ళు రావాలి.”

ఆమె జరగలేదు.

“మాకు తొందరేమీ లేదండీ,” అంది వెనకనుంచి పాస్టరమ్మ.

పాస్టరుగారు దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు. “ఏమిటిది? నువ్వు కూడానా?”

“నేను కూడానే.” ఆ గొంతులో వణుకు లేదు. “పోయిన ఆదివారం అందరికీ చూపించారే, ఈ ముఖం. దీని మీది కనుబొమలు ఈ అమ్మాయి గీసినవే. సూదితోనే గీసింది, మూడేళ్ళయింది. ముందే చెప్పింది ఇది పచ్చబొట్టని, నేనే కానివ్వమన్నాను. నాకు రొట్టె ఇవ్వొచ్చంటే ఈమెకూ ఇవ్వండి. కూడదంటే చెప్పండి, ఇద్దరం వెళ్ళి తొట్టి దగ్గర కూర్చుంటాం.”

“ముగ్గురం,” అంది ఒక గొంతు.

“నన్నూ కలుపుకోండమ్మా.”

“నన్నొదిలేస్తారేం?”

వరుసలో ముసుగులు ఒకటొకటిగా వెనక్కి జారాయి. నుదుళ్ళు బయటపడ్డాయి. అప్పుడు చివరనుంచి, అందరికన్నా గట్టిగా, అత్తగారి గొంతు లేచింది: “నా కనుబొమలు నావేనయ్యా, నాకే పనీ జరగలేదు! అయినా నేనూ ఇక్కడే ఆగుతాను. నా మీద గిన్నెలు విసిరిందట. ఇంతమందిలో నిజం చెప్పింది అదొక్కతే!”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు బెంచీల మీదుగా మగవాళ్ళ వైపుకూ పాకింది. భర్త నవ్వాలో వద్దో తెలియక కాగితం లేని చేతుల వంక చూసుకున్నాడు.

పాస్టరుగారు మాత్రం నవ్వలేదు. భార్య ముఖం వంక చూస్తున్నారు. రోజూ ఎదురుగా కూర్చుని భోంచేసిన మనిషి ముఖాన్ని ఇప్పుడే ఎవరో పరిచయం చేసినట్టు, ఒక్కొక్క వెంట్రుకనూ చూస్తున్నారు. కాలరుకు తగిలించుకున్న మైకు సంగతి మరిచిపోయి మెల్లగా అడిగారు: “నొప్పి పుట్టలేదా?”

ఆ ప్రశ్న మందిరమంతా మోగింది.

“సూది నొప్పి రెండు గంటలే,” అంది పాస్టరమ్మ. “మీ దగ్గర దాచుకున్న నొప్పే మూడేళ్ళు.”

ఆ జవాబు కూడా మందిరమంతా మోగింది. ఆయన సంఘపెద్ద చేతిలోంచి పళ్ళెం తానే అందుకున్నారు. మొదట భార్య వైపు చాచబోయి, ఆగి, ముందున్న ఆమె వైపు తిప్పారు. కళ్ళతో అడిగారు, తీసుకుంటావా అని.

అడిగారు. ఆమె ఆ అడగడాన్ని కాసేపు అలాగే నిలబడి అనుభవించింది. వెనకాల ఇంత పొడుగు వరుస. అయినా ఎవరూ తోయలేదు, ఎవరూ సణగలేదు. నీలం అంటిన వేళ్ళతో తనకు కావలసిన ముక్కను తానే ఏరి తీసుకుని నోట్లో పెట్టుకుంది. తన ఇంట్లో, తన కంచం ముందు తీరిగ్గా కూర్చున్న మనిషిలా, మెల్లగా నమిలింది.