మోరో బొమ్మలు

కొట్లో ప్రతి బొమ్మనూ నెలిదా బొటనవేలి గోటితో నొక్కి చూస్తుంది. గోరు దిగనంత గట్టిదైతే కుక్క పన్ను విరుగుతుంది. నోట్లో మొత్తం పట్టేంత చిన్నదైతే గొంతుకు అడ్డం పడుతుంది. గుండీ కళ్లు కుట్టిన గుడ్డబొమ్మల జోలికే పోదు. చివరికి లోపల బోలుగా ఉన్న రబ్బరు బొమ్మ తీసుకుంది. అందులో అన్నం, ఉడికించిన కార్జం కూరి ఇస్తే మోరో అరగంట నాకుతూ కూర్చుంటాడు. వాడికీ పొద్దుపోవాలి కదా. నీకు పొద్దుపోతోందా అని ఆమెను పెళ్లైన పన్నెండేళ్లలో ఒక్కరూ అడగలేదు.

"చూశావా అమ్మా, మన బక్కది పిల్లల్ని కనలేదు గానీ కుక్కకి బొమ్మలు కొంటోంది," అన్నాడు మొగుడు ఒరాసియో.

"కొననీరా, అదెలాగూ దీన్ని అమ్మా అని పిలవదు," అంది అత్త దోన్యా ఎల్విరా.

ఆదివారం పెరట్లో ఒరాసియో నిప్పుల మీద మాంసం కాలుస్తూ, ఒక పక్కటెముక మోరోకి విసిరాడు.

"కాలిన ఎముక వద్దు ఒరాసియో. పెళుసుగా చీలి పేగులు కోస్తుంది."

"మా తాత కుక్కలు ఎముకలు తినే బతికాయే, రబ్బరు తిని కాదు. పోయి ప్లేట్లు పట్రా."

పట్టుకొచ్చింది. ఆమె వచ్చేసరికి ఎముక లేదు.

మంగళవారం మోరో చచ్చిపోయాడు. పేగుల్లో దిగిన ఆ ఎముక ఎవరేశారని పశువుల డాక్టరు అడిగితే ఒరాసియో గడ్డంతో ఆమెను చూపించాడు. "ఇదిగో, ఈవిడే. చెబితే వింటేనా!" డాక్టరు పెట్టిన చీవాట్లన్నీ ఆమె తల వంచుకుని తిన్నది. అలా తల వంచడం ఎంత బాగా నేర్చుకుందో తనకే ఆశ్చర్యమేసింది.

మళ్లీ ఆదివారం పదకొండుమంది భోజనానికొచ్చారు. పొద్దుటినుంచీ కూరగాయలు కోసింది, బల్ల సర్దింది నెలిదా. మాంసం వడ్డించగానే కాల్చినవాడికి చప్పట్లు కొట్టడం రొసారియో ఊళ్లో ఏ ఇంట్లోనైనా ఉన్నదే. ఈ ఇంట్లో చప్పట్లు కొట్టండని కేక వేయాల్సింది కోడలు.

"కానియ్యవే, చల్లారిపోతోంది," అంది అత్త.

నెలిదా లేచి నిలబడింది.

"మా ఒరాసియోకి అందరూ చప్పట్లు కొట్టండి!"

కొట్టారు. ఆమె కూడా కొడుతూనే గొంతు పెంచింది.

"మోరోకి ఎముకేసి చంపినందుకు! చంపి, ఆ చావు నా నెత్తిన రుద్దినందుకు!"

ఒక్కో జతగా చేతులు ఆగిపోయాయి. ఒరాసియో మొహం మాంసం కాల్చిన నిప్పుల్లా ఎర్రబడింది.

"ఇక ఆపవే," అంది అత్త.

నెలిదా చప్పట్లు ఆపలేదు.