ఎవరి బండ వాళ్ళది

"రొద్దం, రొద్దం, రొద్దమూ" అని చివరి అక్షరాన్ని సాగదీసి గాలిలోకి వదిలి, కుళ్ళాయప్ప బస్సు పక్కరేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. బస్సు కదిలింది. ఆలస్యంగా పరిగెత్తుకొస్తున్న ముసలామె చేతిలోని సంచి లాక్కుని లోపలికి విసిరి, ఆమెనూ రెక్క పట్టుకుని ఎక్కించి, ఇంకో బస్సు వైపు తిరిగాడు.

యాభై ఏళ్ళు దాటిన మనిషి. ఒళ్ళంతా కందికట్టెలా సన్నన. ఆ ఒంటికి మెడ ఒక్కటే బలం. అరిచేటప్పుడు మెడ మీద రెండు నరాలు మోకుల్లా ఉబ్బుతాయి. ముందు పన్ను ఒకటి ఊడిపోయింది కాబట్టి 'స' పలికితే వెంట సన్నటి ఈల వస్తుంది. గడ్డం కింద వేలాడే నీలం మాస్కును అరుపుకూ అరుపుకూ మధ్య పైకి లాక్కుంటాడు, మళ్ళీ కిందికి దించుతాడు.

పెనుకొండలో ప్రైవేటు బస్సులు ఆగే చోట జనాన్ని పిలవడమే అతని పని. పెళ్ళి కాకముందు నుంచీ అదే పని. ఒక్కో ఊరికి ఒక్కో రాగం కట్టుకున్నాడు. హిందూపురాన్ని ముక్కలు ముక్కలుగా గబగబా కొడతాడు, లేపాక్షిని మెల్లగా ఊపి దించుతాడు. చదువురాని వాళ్ళు బస్సు బోర్డు వైపు చూడను కూడా చూడరు, అతని గొంతు విని ఎక్కుతారు.

ఆ గొంతే అతన్ని కబడ్డీలోకి లాగింది. ఏటా పంటలు ఇంటికి చేరాక కొండ కింది మైదానంలో పోటీలు జరుగుతాయి. ఒక ఏడాది అనంతపురం నుంచి రావలసిన వ్యాఖ్యాత రాలేదు. దిక్కుతోచక కుర్రాళ్ళు కుళ్ళాయప్పను బస్సుల దగ్గర నుంచి ఎత్తుకుపోయి మైకు ముందు కూర్చోబెట్టారు. అతనికి తెలిసింది ఒకటే విద్య. కూతకు వెళ్ళేవాణ్ణి బస్సులాగే సాగనంపాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత అతను లేకుండా పెనుకొండలో కబడ్డీ ఆడింది లేదు.

కరోనా వచ్చి ఆటలు ఆగిపోయాయి. బస్సులూ ఆగాయి. మళ్ళీ తిరగడం మొదలయ్యాక కూడా సగం బస్సులు రాలేదు. ధర్మవరంలో మగ్గాలున్న బావమరిది కేశవ, కండెలు చుట్టే మనిషి కావాలి, ఇద్దరూ వచ్చేయమని కబురు పెట్టాడు. సామాను నిన్ననే ధర్మవరం చేరిపోయింది. కుళ్ళాయప్ప, అతని భార్య ఈరక్క ఈ సాయంత్రం బస్సుకు బయల్దేరాలి. ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఊళ్ళో ఉండిపోయింది ఈ రోజు కోసమే. రెండేళ్ళ తర్వాత మళ్ళీ కబడ్డీ జరుగుతోంది, రొద్దానికీ లేపాక్షికీ ఫైనల్.

అయితే ప్రేక్షకులు ఉండకూడదని ఆర్డరు వచ్చింది. ఆటగాళ్ళు, రెఫరీలు, మైకు మనిషి, అంతే.

పొద్దున టీ బంకు దగ్గర అదే గొడవ. హిందూపురాన్ని జిల్లా కేంద్రం చేయాలని మొన్న అక్కడ వేలమంది భుజం భుజం రాసుకుంటూ ర్యాలీ తీశారు కదా, అప్పుడు లేని రోగం కబడ్డీకి వచ్చిందా అని అందరిదీ ఒకే మాట. ఆ ర్యాలీకి వ్యాన్లు నింపింది కుళ్ళాయప్ప గొంతే. కాబట్టి అతనూ ఆ మాటే అన్నాడు. లోపల మాత్రం అతని బాధ వేరు. చివరిసారిగా మైకు పట్టుకుని ఖాళీ బెంచీలకు ఏం చెప్పాలి?

మధ్యాహ్నానికి మైదానం చేరాడు. రేకుల షెడ్డు కింద పోటీలు నడిపే డ్రిల్లు మాస్టరు రఘునాథ్ తల పట్టుకుని కూర్చున్నాడు. గేటు తీయమని కుర్రాళ్ళు చుట్టుముట్టారు. ఆటగాళ్ళకు పరీక్షలు చేయడానికి వచ్చిన నర్సు ఉమాదేవి చేతి తొడుగులు విప్పుకుంటూ వాళ్ళ మాటలు విన్నది. బక్కపలచని మనిషి. మాస్కు తాళ్ళు ఒరిసి చెవుల వెనక నల్లటి మచ్చలు పడ్డాయి.

"ర్యాలీ మంచిదని నేను చెప్పలే, కబడ్డీ చెడ్డదనీ చెప్పలే. ర్యాలీ అయినంక ఆస్పత్రి ముందర వరస యాడిదాకా ఉండాదో వచ్చి చూడండి. పోయిన ఎండాకాలం చూసింది నేను మళ్ళా చూడలేను" అంది.

పోయిన ఎండాకాలం ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు పోయారు. మూలన కూర్చున్న సంజీవప్ప గొంతు సవరించుకున్నాడు. రొద్దం పెద్దాయన, ఒకప్పుడు పేరుమోసిన ఆటగాడు. ఏటా ముందు వరసలో కూర్చుని కుళ్ళాయప్ప మాటల్లో తప్పులు పట్టడం ఆయన సరదా.

"మా గోవిందమ్మ పోయింది ఆ ఎండాకాలమే తల్లీ. మోసేదానికి నలుగురు రాల్యా. మంది లేకుంటే ఎట్లుంటాదో నాకు తెలుసు. అందుకే మంది కావాలంటాండా" అన్నాడు.

ఉమాదేవి తల వంచుకుంది. ఆయనది తప్పని అనడానికి లేదు, ఆమెది తప్పని అనడానికీ లేదు.

అప్పుడే ఈరక్క సంగటి క్యారియరు పట్టుకుని వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఆట చూసింది లేదు. మేకలు, గడ్డిమోపులు, ఇంటిపని, వీటితోనే పొద్దు గడిచిపోయేది. ఆ మైదానంలో అడుగు పెట్టడమే ఇది మొదటిసారి. షెడ్డు కింద మొహాలన్నీ వేలాడుతుంటే సంగతేమిటని భర్తను అడిగింది. విని, క్యారియరు గిన్నెలు విప్పుతూనే తలెత్తి కొండ వైపు చూసింది. తాను మేకలు తోలిన కొండ.

"కొండ ఉండాది కదప్పా. బండలకేమన్నా కొదవా? ఎవరి బండ మీద వాళ్ళు కూచుంటే సరి."

కుర్రాళ్ళు గొల్లుమన్నారు. రఘునాథ్ కూడా నవ్వి, అంత దూరం నుంచి ఆటగాళ్ళు చీమల్లా ఉంటారు, ఏం కనపడుతుందమ్మా అన్నాడు.

"కనపడకుంటే ఏం సార్? మా ఆయప్ప చెప్తాడు కదా" అంది ఈరక్క, భర్త వైపు చూడకుండానే, సంగటి ముద్ద పళ్ళెంలో వేస్తూ.

నవ్వు ఆగిపోయింది. అందరూ కొండను కొత్తగా చూశారు. ఏనుగుల మందలా పరుచుకున్న గుండ్లు, వాటి మధ్య కావలసినంత ఖాళీ. ఉమాదేవి చాలాసేపు చూసి, ఒక బండకు ఒక ఇంటివాళ్ళే అయితే, ముక్కూ నోరూ మూసుకుంటే, దగ్గేవాళ్ళు వెనక్కి పోతే తనకేం అభ్యంతరం లేదనీ, దారి మొదట్లో తానే నిలబడతాననీ అంది. రఘునాథ్ అధికారికి ఫోను చేశాడు. అవతలాయన అంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు. చివరికి, నర్సమ్మ చెప్పినట్టు జరిగితే సరే, మైదానం గేటుకు మాత్రం తాళం పడాలి అన్నాడు. కుర్రాళ్ళు అప్పటికే సైకిళ్ళెక్కి ఊళ్ళోకి పరిగెత్తారు.

ఎండ కొంచెం తగ్గేసరికి కొండకు రంగులొచ్చాయి. ఒక బండ మీద ఎర్ర చీర, ఇంకో బండ మీద గొడుగు, దానికి పై బండ మీద ముగ్గురు పిల్లలూ వాళ్ళ అవ్వా. మేకలు బెదిరి పక్కకు తప్పుకున్నాయి. బండ దొరకని వాళ్ళు ఇంకా పైకి ఎక్కారు. సంజీవప్పకు అందరికంటే కింద, ఈతచెట్టు నీడన ఒక చదును గుండు ఇచ్చారు. ఈరక్క చెంబుతో నీళ్ళు పట్టుకుని, తాను ఒకప్పుడు మేకలు తోలుతూ నిలబడే నడిమి బండ మీదికి ఎక్కి కూర్చుంది.

మైకు గొట్టాలన్నీ కొండ వైపు తిప్పారు. కుళ్ళాయప్ప ఆటను చూడాలి, కొండతో మాట్లాడాలి. మొదటి కూతకు రొద్దం కుర్రాడు అనిల్ కుమార్ గీత దాటగానే నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"ఎక్కేటోళ్ళు ఎక్కండప్పా, రొద్దం బండి కదిలింది. మధ్యలో యాడా ఆపేది లేదు."

మైదానం నిశ్శబ్దంగానే ఉంది. ఒక్క క్షణం తర్వాత కొండ మీది నుంచి నవ్వు దిగింది. ముందు కింది బండల నుంచి, తర్వాత నడిమి బండల నుంచి, ఆఖరున ఎక్కడో పైనుంచి. ఆటగాళ్ళు ఆట మరిచి తలలెత్తి చూశారు. కుళ్ళాయప్ప మైకును ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

ఆ తర్వాత అతనికి ఏదీ అడ్డు రాలేదు. ఎవడి చెమట ఎలా కారుతోందో, ఎవడి నిక్కరు ఎక్కడ చినిగిందో, లేపాక్షి కుర్రాడు నేల మీద చెయ్యి రుద్దుకుని ఎలా ఉరకబోతున్నాడో, కొండ మీది వాళ్ళ కంటికి ఆననివన్నీ చెప్పాడు. తాను చూడకపోతే ఎవరికీ కనపడదని తెలిసి, బతుకులో ఎన్నడూ చూడనంత శ్రద్ధగా చూశాడు. కింది గుండు మీది నుంచి సంజీవప్ప, అది పట్టు కాదబ్బా, అడ్డం పడినాడు అని అరుస్తూనే ఉన్నాడు. కుళ్ళాయప్ప దాన్ని మైకులో ఒప్పుకుని, సంజీవప్ప మామ చెప్పినట్టే అడ్డం పడినాడు అన్నాడు. కొండ మళ్ళీ నవ్వింది.

చివరి కూత వచ్చేసరికి రెండు జట్లూ సమానం. అనిల్ కుమార్ వెళ్ళి ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగాడు. చీలమండ దొరికిపోయింది. నలుగురు మీద పడ్డారు. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి ఒక చెయ్యి గీత వైపు పాకుతోంది. కుళ్ళాయప్ప లేచి నిలబడ్డాడు, నోట మాట లేదు. కొండ మీద ఒక్క చప్పుడు లేదు. దుమ్ములో ఏం జరిగిందో వాళ్ళకు అతను చెప్తేనే తెలుస్తుంది.

రెఫరీ చెయ్యెత్తాడు.

"ముట్టినాడు" అన్నాడు కుళ్ళాయప్ప, ఇంట్లో మాట్లాడినంత మెల్లగా.

కొండ విరిగిపడింది. ఈలలు, కేకలు, వెంట తెచ్చుకున్న పళ్ళేల మోతలు. అభిమాన జట్టు ఓడినా లేపాక్షి వాళ్ళూ గొడుగులు తిప్పారు. దారి మొదట్లో ఉమాదేవి మాస్కులో నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది. సంజీవప్ప గుండు మీద లేచి నిలబడి, తుండుగుడ్డ తలకు చుట్టుకుని, పడుచువాడిలా తొడ చరిచాడు.

మోత తగ్గాక కుళ్ళాయప్ప మైకు దగ్గరికి వంగాడు.

"నిదానంగా దిగండప్పా. పెద్దోళ్ళను ముందు దిగనీండి. నేను ఈపొద్దు ధర్మవరం పోతాండా. అందరూ బాగుండండి."

ఏదో పెళ్ళికి పోతున్నాడనుకున్నారు జనం. కొండ పొడుగూతా ఈలలు వేసి సాగనంపారు.

ఈరక్క దిగి వచ్చి గేటు బయట నిలబడింది. కొంగు జారింది, జుట్టు నిండా దుమ్ము. అతన్ని కింది నుంచి పైదాకా చూసింది, కొత్త మనిషిని చూసినట్టు.

"ఇన్నేండ్లూ ఇంట్లో మాట్లాడని మాటలన్నీ ఈడ మాట్లాడతాంటివా నువ్వు?" అంది.

అతను నవ్వబోయాడు. గొంతు బొంగురుపోయి గాలి మాత్రమే వచ్చింది. ఇద్దరూ ఆ బొంగురుకే నవ్వుకుంటూ రోడ్డు మీదికి నడిచారు. ధర్మవరం బస్సు వచ్చింది. డ్రైవరు వెనక సీటు దొరికింది. కిటికీ పక్కన ఈరక్కను కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు. బస్సు రైలు కట్ట దాటాక ఆమె ఒడిలో వెతుక్కుని, "అయ్యో, చెంబు ఆడే మరిస్తి" అంది. మరిచిపోయేంతగా విన్నావా అని అడగాలనిపించింది అతనికి. గొంతు లేక ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

కొండ మీద జనమంతా దిగిపోయారు. మేకలు మళ్ళీ తమ చోటికి వచ్చాయి. నడిమి బండ మీద, సగం నీళ్ళతో, ఇత్తడి చెంబు ఆఖరి ఎండకు వెలుగుతోంది.