ఆరింటిదాకా ఆగుదాం

ఎయిర్‌పోర్టుకి ఎవరూ రావద్దని బుజ్జి ఇంటికి ఫోన్‌చేసి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. విమానం ఎక్కేముందు ఒకసారి, సీట్లో కూర్చున్నాక ఇంకోసారి. అయినా విమానం మూడు గంటలు ఆలస్యమై, రాత్రి రెండింటికి ఆమె బయటికొచ్చేసరికి రెయిలింగు దగ్గర అన్నయ్య నిలబడి ఉన్నాడు. పక్కనుంచి వెళ్లే ప్రతి ఆడమనిషి మొహంలోకీ వంగి వంగి చూస్తున్నాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ ఇంట్లో ఒక రివాజు ఉంది. విమానం దిగినవాళ్లెవరూ టాక్సీ ఎక్కకూడదు. ఇరవయ్యారేళ్లు ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి బస్సు నడిపిన అన్నయ్యకి, ఇంటివాళ్లు పరాయివాడి బండెక్కితే తల కొట్టేసినట్టుంటుంది. కానీ చీకటి పడితే ఆయనకి కళ్లు ఆనడం లేదని డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది. పోయిన నెలలో గేటు స్తంభాన్ని గుద్దాడు, అదీ సొంత గేటునే. వదిన ఫోన్లో ఏడ్చింది. ఆయన మాత్రం తప్పంతా గేటుదే అన్నట్టు దాన్ని రెండడుగులు పక్కకి జరిపి మళ్లీ కట్టించాడు.

"నిన్నెవరు రమ్మన్నారు?" అంది బుజ్జి.

"పెట్టె ఇలా ఇవ్వు" అన్నాడు అన్నయ్య.

నలభై రెండేళ్లొచ్చినా ఆ నోట ఆమె ఇంకా బుజ్జే, ఆ చేతికి ఆమె పెట్టె ఇంకా ఇవ్వాల్సిందే. విసవిసా నడిచి కారు దగ్గరికెళ్లింది. వెనకసీట్లో దిండు, రెండు దుప్పట్లు, ఫ్లాస్కు ఉన్నాయి. అద్దం కింద పార్కింగు చీటీ మీద సాయంత్రం నాలుగూ నలభై అని ఉంది.

"వెలుగుండగానే వచ్చి కూర్చున్నావా?"

"ఊరికే, తోచక. అలిసిపోయుంటావు, కాసేపు నడుం వాల్చు. ఆరింటిదాకా ఆగుదాం. తెల్లారాక అయితే ట్రాఫిక్కుండదు."

అవతల రోడ్డు మీద పురుగు లేదు. బుజ్జి పళ్లు నూరింది. ఆమె కూతురు పన్నెండేళ్లది. ఈతపోటీలకని మొదటిసారి ఒంటరిగా వెళ్తోంది, పదిరోజులు రాదు. స్కూలు దగ్గర బస్సు ఈ తెల్లవారుజామునే మూడున్నరకి బయల్దేరుతుంది. మూడువారాలుగా కళ్లెదుట లేని తల్లి "నువ్వు బస్సెక్కేలోపు వచ్చేస్తా" అని మాటిచ్చింది. ఆ సంగతి ఈయనకీ తెలుసు.

"నేను టాక్సీలో పోతా."

"పో. నీ వెనకే నేనూ వస్తా."

అన్నంత పనీ చేస్తాడు. ఆ టాక్సీ వెనకదీపాలు పట్టుకుని, ఆనని కళ్లతో నలభై కిలోమీటర్లూ వస్తాడు. ఏ లారీ కిందో పడితే వదినకి ఏం చెప్పాలి?

"తాళాలివ్వు. నేను నడుపుతా."

అన్నయ్య నవ్వాడు. ఆమెకి పద్దెనిమిదేళ్లప్పుడు డ్రైవింగు నేర్పమని అడిగితే పదిమందిలోనూ ఇలాగే నవ్వాడు. "నువ్వు స్టీరింగు పడితే జనం ఇళ్లు వదిలి బయటికి రారే" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఆమె ఇరవైనాలుగేళ్లుగా మరిచిపోలేదు. అందుకే రెండేళ్ల కిందట ఎవరికీ చెప్పకుండా వెళ్లి నేర్చుకుంది, పరీక్ష మొదటిసారి తప్పి రెండోసారి గట్టెక్కింది.

సంచిలో చెయ్యిపెట్టి కార్డు లాగి ఆయన చేతిలో కొట్టింది. "చూడు. లైసెన్సు."

అన్నయ్య దాన్ని దీపస్తంభం వైపు ఎత్తి పట్టుకున్నాడు. దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు.

"ఫోటో బాగా పడింది" అన్నాడు.

బుజ్జి చెయ్యి చాపి తీసుకుంది. అది లైసెన్సు కాదు. కోపంలో ఏది దొరికితే అది లాగింది. తిరిగివ్వడం మరిచిపోయిన హోటలు గది తాళపు కార్డు అది. దాని మీద ఫోటో లేదు, అరచేతంత నీలిరంగు తప్ప ఏమీ లేదు.

ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా కోపమే ఎక్కువొచ్చింది.

"దీని మీద ఫోటోనే లేదన్నయ్యా."

ఆయన జేబులోంచి తాళాలు తీసి చాపాడు. ఆమె చెయ్యి ఉన్నచోటికి కాదు, కాస్త పక్కకి.

దారంతా ఆమె తిట్టింది. గేటు గురించి, వదిన గురించి, ఆ పదిమంది నవ్వు గురించి. అన్నయ్య పక్కసీట్లో లేని బ్రేకుని తొక్కుతూ కూర్చున్నాడు. మధ్యలో ఒక్కసారే నోరు తెరిచాడు.

"వంతెన దిగాక గొయ్యి ఉంటుంది. ఎడమకి ఉండు."

ఉంది. ఎడమకి తిప్పి, వదిలిన చోటునుంచే మళ్లీ తిట్లు అందుకుంది.

మూడుంపావుకి స్కూలు చేరారు. పిల్ల పరుగున వచ్చి తల్లి నడుం చుట్టేసింది. పక్కనున్న మామయ్యని చూసి "మామయ్యా, కిటికీలోంచి టాటా చెప్తా, నువ్వు కూడా చెప్పాలి" అంది. బుజ్జి దాని జడ సర్దుతూనే ఉండగా పిలుపొచ్చింది.

రెండు బస్సులు ఒకేసారి కదిలాయి. పిల్ల రెండోదాన్లో ఉంది, కిటికీలోంచి ఆగకుండా చెయ్యి ఊపుతోంది. అన్నయ్య కూడా నవ్వుతూ ఊపుతున్నాడు, మొదటి బస్సుకి.

బుజ్జికి అనాల్సిన మాటలు ఇంకా బోలెడున్నాయి. ఆయన భుజాలు పట్టుకుని ఇటు తిప్పింది.

"అటు కాదు. ఇదిగో, ఇటు. ఊపు."

ఆయన ఊపాడు. బస్సు మలుపు తిరిగిపోయాక అలవాటుగా తాళాల కోసం చెయ్యి చాపాడు. ఆమె వాటిని తన సంచిలో వేసుకుంది.

"ఎక్కు" అంది.