ఇరవై ఐదు మీటర్ల లెక్క

అనుపమ దగ్గర ఏడు తూటాలున్నాయి. రెండు రేపటికి దాచాలి. రేపు సర్పంచ్ అనుమతిచ్చి పిలిచిన ఊళ్లో మొక్కజొన్న చేలను తొక్కేస్తున్న అడవిపందులను, మంచె మీంచి, పాతిక మీటర్లలోపే కొట్టాలి. పోయిన నెల ఆమె గుండు పక్కకు తగిలి, ఒక పంది కాలీడ్చుకుంటూ రెండు రోజులు తిరిగింది. ఆ ఈడ్పు జాడ ఇంకా ఆమె కళ్లముందే ఉంది. మళ్లీ అలా జరగకూడదు.

రైఫిల్ తాతయ్యది. దుప్పుల వేట చెల్లిన రోజుల్లో కొన్నది. దాని మీద స్కోపు మాత్రం ఈ ఏడాదే బిగించారు.

నేరేడ్‌మెట్ దగ్గరి షూటింగ్ రేంజిలో ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి, ఇరవై ఐదు మీటర్ల దూరంలోని గురి అట్ట మీద రెండు గుళ్లు పేల్చింది. రెండూ ఒకే చోట, నల్లచుక్కకు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు కింద. స్కోపు డబ్బా మీద రాసుంది: మరను ఒక క్లిక్కు తిప్పితే గుండు ఏడు మిల్లీమీటర్లు జరుగుతుంది. నాలుగు క్లిక్కులు పైకి తిప్పి మూడోది పేల్చింది. గుండు ఏడు మిల్లీమీటర్లే లేచింది.

రేంజి చూసుకునే ఓంప్రకాశ్ దూరదర్శినిలోంచి చూసి పెదవి విరిచాడు.

"నీ స్కోపు ఖరాబయింది బిడ్డా. ఎందుకు తూటాలు దండగ చేస్తవ్? రేపటికి వేరేటోళ్లను పిలుసుకొమ్మని చెప్పు సర్పంచ్‌కి."

"జెర ఆగుండ్రి సార్."

"ఆగితే స్కోపు బాగయితదా? తాత రైఫిల్ సుత తాతే అయింది."

అనుపమ నవ్వలేదు. టిఫిన్ సంచిలోంచి స్కేలు తీసి, అట్ట దగ్గరికి నడిచి, మళ్లీ కొలిచింది. ఏడే. నాలుగు క్లిక్కులకు సరిగ్గా ఒక క్లిక్కు పని. తిరిగొచ్చి డబ్బా తిప్పి చూసింది. అడుగున చిన్నక్షరాల్లో ఉంది: నూరు మీటర్ల దగ్గర.

"సార్, మనం నిలబడ్డది నూరుల నాలుగో వంతు దూరంల. క్లిక్కు సుత నాలుగో వంతే జరుపుతది."

రైఫిల్ గొట్టం చల్లారేదాకా ఆమె కూర్చుంది. తర్వాత, ఇంకా మిగిలిన ఇరవై ఒక్క మిల్లీమీటర్లకు పన్నెండు క్లిక్కులు, ఒక్కొక్కటీ వేలికి తెలిసేలా తిప్పింది. నాలుగోది నల్లచుక్కలో పడింది.

"ఇగ చాలు. గా తూటా మిగిల్చుకో," అన్నాడు ఓంప్రకాశ్.

"ఒకటి పడితే అదృష్టం అనుకుంటా సార్. పంది ముంగట గట్ల అనుకోలేను."

ఇంకో పావుగంట ఆగి అయిదోది పేల్చింది. నాలుగో రంధ్రం అంచును ఒరుసుకుని పడింది.

మిగిలిన రెండు తూటాలను గుడ్డలో చుట్టి, సర్పంచ్‌కు ఫోన్ చేసింది.

"వస్తున్న. పొద్దుగాలనే."