నాదే తప్పండి

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే చొక్కాలు కుట్టే ఆ హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగుతాయి. ముప్పైమంది ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని కిటికీల దగ్గరికి చేరతారు. ఒక్క మనిషి మాత్రం కదలదు. పక్కనున్న ఎర్ర ప్లాస్టిక్ బుట్టలోంచి వంకర కాలరో, ముడతపడ్డ చొక్కా చెయ్యో తీసి, చిన్న బ్లేడుతో కుట్లు విప్పుతూ కూర్చుంటుంది. ఎంత పనిమంతురాలో అనుకుంటారు చూసినవాళ్ళు. పాఠకులారా, మోసపోకండి.

అక్కడ ఒక పద్ధతి ఉంది. చెడిపోయిన చొక్కా ఎవరిదని అడుగుతారు. నాదని ఒప్పుకున్నవాళ్ళ పక్కన ఎర్ర బుట్ట పెడతారు. భోజనం వేళలో వాళ్ళే విప్పాలి. ఒకప్పుడు ఆ బుట్ట హాలంతా తిరిగేది. రెండేళ్ళుగా గుండీలు పట్టే కాజాలు కోసి కుట్టే మిషన్ పక్కనే కాపురం పెట్టేసింది. ఆ మిషన్ మీద కూర్చునే ఆమెను అందరూ కాజాలక్క అంటారు.

మూడేళ్ళ కిందట ఆమెకు డిప్రెషన్ వచ్చింది. నాలుగు నెలలు మంచం దిగలేకపోయింది. ఆ రోజుల్లోనే అత్తగారు స్నానాలగదిలో జారిపడి కేకేసింది. పక్క గదిలో ఉన్న కోడలు ఆ కేక వింది. లేవాలనుకుంది. కాళ్ళు మాట వినలేదు. పెద్దావిడ తుంటి అతుక్కుంది, ఇప్పుడు మార్కెట్‌కి నడిచి వెళ్ళి కూరగాయల దగ్గర గీచి గీచి బేరమాడుతోంది కూడా. "పోనిద్దూ, అప్పుడు నీ ఒంట్లోనే బాలేదు" అని ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది. కానీ ఆ కేక కోడలి చెవుల్లోంచి పోలేదు. అప్పట్నుంచి లోకంలో ఏది చెడినా తనే చెడగొట్టినట్టు ఉంటుందామెకు. వానొచ్చి పక్కింటివాళ్ళ బట్టలు తడిస్తే, "అయ్యో, నేనైనా చెప్పాల్సింది" అని పూటంతా కుమిలిపోతుంది.

ఈ సంగతి తోటివాళ్ళు కనిపెట్టడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

"అక్కా, ఈ కాలరు కాస్త పక్కకి పోయింది. నీ దగ్గరికొచ్చాక లాగినట్టయిందేమో?" అంటుంది కాలర్లు కుట్టే పిన్ని.

"నాదేనేమో లేమ్మా, ఇలా పడెయ్."

"బంగారు తల్లి మా అక్క!"

బంగారు తల్లట! తన వంకర కుట్టు ఆమె ఒళ్ళో పడేసి, కిటికీ దగ్గర చెయ్యి కడుక్కుని, నింపాదిగా డబ్బా మూత తీసేది ఆ పిన్ని. ఎంత ముద్దు పిలుపులు, ఎంత మర్యాద!

ఆ మంగళవారం కాజాలక్క ఆస్పత్రికి వెళ్ళాలి. సూపర్‌వైజర్ ఒక్కడికే చెప్పింది.

"వెళ్ళమ్మా. సెలవు రాయను, హాజరు వేసేస్తాను. పిచ్చాస్పత్రి అని నలుగురికీ తెలిస్తే బాగుండదు" అన్నాడాయన. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. దేవుడిలాంటి మనిషి అనుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "ఈ తప్పు చేశానన్న భావం నీ జబ్బులో భాగం. మందులతో తగ్గుతుంది, ఒక్కోసారి మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక్కటే అడుగు. ఆ పని నేను చేశానా? అనిపించింది కాదు, చేసింది చెప్పుకో."

"అలాగేనండి. మీ టైమంతా తినేశాను, క్షమించండి" అని లేచింది కాజాలక్క.

ఆమె లేని ఆ రోజు సూపర్‌వైజరే కాజాల మిషన్ మీద కూర్చున్నాడు. అరవై స్కూలు చొక్కాలకు గుండీలు రావాల్సిన వైపు కాజాలు కోసేశాడు. కుట్టయితే విప్పొచ్చు, కోసిన గుడ్డను ఏం చేస్తాం? గురువారం ఓనరమ్మ ఆ కట్ట పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"ఎవరు చేశారిది?"

సూపర్‌వైజర్ హాజరు పట్టీ చూపించాడు. "మంగళవారం కాజాలు ఆమెవేనండి. ఏమ్మా, నీవేగా?" గొంతు ఎంత మెత్తగా ఉందో!

ఆయన తనకు మేలు చేశాడు. తను ఆస్పత్రికి వెళ్ళకపోతే ఆయన ఆ మిషన్ మీద కూర్చునేవాడే కాదు. కాబట్టి తప్పు తనదే. కాజాలక్క బుర్రలో లెక్క చకచకా తేలిపోయింది. "నాదే తప్పండి" అంది.

"అయితే రేపట్నుంచి రాకు" అంది ఓనరమ్మ.

ముప్పైమంది తలలు దించుకున్నారు. పాపమని కాదు, గండం గడిచిందని. వాళ్ళంతా మంగళవారం ఆ మిషన్ మీద ఎవరున్నారో కళ్ళారా చూసినవాళ్ళే.

అప్పుడు హాలు చివర గుడ్డలు కత్తిరించే కటింగ్ మాస్టారు కత్తెర బల్ల మీద విసిరికొట్టాడు. తల నెరిసిన మనిషి, ఆయన గొంతు పెంచడం ఎవరూ ఎరగరు.

"ఛీ! అసహ్యంగా ఉందమ్మా, ఈ గాలి పీల్చాలంటేనే. నేనూ చూసి నోరు మూసుకున్నాను, నా మీదా నాకు అసహ్యమే. అమ్మాయ్, మంగళవారం నువ్వెక్కడున్నావో నువ్వే చెప్పు."

హాలంతా ఆమె వైపు చూసింది. సూపర్‌వైజర్ కళ్ళతోనే వద్దన్నాడు. చెబితే పిచ్చిదని ముద్ర పడుతుంది. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. నాదే, నాదే అని లోపల గొంతు అరుస్తూనే ఉంది. ఆ పని నేను చేశానా అని అడిగింది తనను తాను. సంచిలోంచి ఆస్పత్రి చీటీ తీసి ఓనరమ్మ ముందు పెట్టింది.

"మానసిక వైద్యుల ఆస్పత్రిలో ఉన్నానండి. మూడేళ్ళుగా మందులు వాడుతున్నాను. ఆ కాజాలు నేను కొయ్యలేదు" అంది.

చీటీ మీద తేదీ చూసింది ఓనరమ్మ. సూపర్‌వైజర్‌ని తన గదికి రమ్మంది. కాజాలక్కను మాత్రం మిషన్ దగ్గర కూర్చోమంది.

కాలర్ల పిన్ని మెల్లగా దగ్గరికొచ్చింది. "మనసులో పెట్టుకోకక్కా."

"పెట్టుకుంటాను" అంది కాజాలక్క. "ఇన్నాళ్ళూ నావి కానివన్నీ పెట్టుకున్నాను. ఇది నిజంగా జరిగింది."

ఆ సాయంత్రం కూడా ఆమెను బాధ వదల్లేదు. సూపర్‌వైజర్ ఉద్యోగం తనవల్లే పోతుందేమోనని దారంతా నలిగిపోయింది. రేపూ అలాంటిదేదో వస్తుంది, మళ్ళీ అదే ప్రశ్న వేసుకోవాలి. ఆమెకున్నది జబ్బు, దానికి మందుంది. జబ్బు మనిషి దొరికింది కదా అని మన తప్పులు తెచ్చి ఆమె నెత్తిన పెట్టడం మాత్రం జబ్బు కాదు, నీచం.