మూడో మలుపు దగ్గర ఆగని నీడ

నవ్వకండి. మెట్లెక్కడం రాని కుక్కను చూసి పళ్లికిలించడం మీకు తేలికే. శనివారం శనివారం పందేల మైదానానికి పోయి గొంతు చించుకుని అరిచింది మీరు కాదూ? పరుగు అయిపోయాక ఆ కుక్క ఎక్కడికి పోతుందని ఒక్కనాడైనా అడిగారా? అడగలేదు. డింప్నా కూడా పదకొండేళ్ల పాటు అడగలేదు.

డింప్నాది ఐర్లండులో, టిప్పరరీ జిల్లాలో ఒక చిన్న ఊరు. వారమంతా బడి వంటగదిలో బంగాళాదుంపలు ఉడికించేది. శనివారం సాయంత్రం తెల్లకోటు తొడుక్కుని మైదానానికి పోయేది. పరుగుకు ముందు కుక్కను తాడు పట్టి జనం ముందు నడిపించడం, పరుగు మొదలయ్యే పెట్టెలోకి ఎక్కించడం, పరుగయ్యాక చివరి గీత అవతల నిలబడి మళ్లీ తాడు తగిలించడం ఆమె పని. కుక్కను యజమానికి అప్పజెప్పి, చేతులు కడుక్కుని ఇంటికొచ్చేది. అంతటితో మరిచిపోయేది.

మార్చిలో ఒక శనివారం ఆమె నడిపించిన కుక్క టిల్లీ. నల్ల చొక్కా, నాలుగో నంబరు. మూడో మలుపు దగ్గర వెనక కాలు విరిగి ఇసుకలో కూలబడింది. ఇద్దరు మనుషులు మోసుకుపోయారు. దాని నీడ మాత్రం ఆగలేదు. కుక్కల్ని ఉరికించడానికి ముందు పరుగెత్తించే కుందేలు బొమ్మ వెంట పరుగెడుతూనే ఉండిపోయింది.

"కాలు అతుక్కుంటుంది, వేగం అతుక్కోదు," అన్నాడు టిల్లీ యజమాని మాసీ కాంట్‌వెల్. "శుక్రవారం డాక్టరు ఆఖరి సూది పట్టుకొస్తాడు."

డింప్నా చేతిలో ఇంకా తాడు ఉంది. పరుగయ్యాక దాన్ని ఏ మెడకూ తగిలించలేదు.

"కుక్కను నాకివ్వు, మాసీ."

"నీకెందుకు? సోఫా మీద కూర్చోబెట్టి టీ పోస్తావా?"

"పోస్తాను. నువ్వొస్తే మాత్రం పొయ్యను. ఇవ్వు."

టిల్లీకి ఐదేళ్లు. ఇల్లంటే ఏమిటో దానికి తెలియదు. అద్దాల తలుపును చూసి ఖాళీ అనుకుని ముక్కు కొట్టుకుంది. కెటిల్ కూత వేస్తే బల్ల కింద దూరింది. కాలి కట్టు విప్పాక డింప్నా రోజూ పొద్దున్నే మెట్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, దాని కాళ్లు ఒక్కొక్కటీ చేత్తో పట్టి పై మెట్టు మీద పెట్టేది. మొదటి వారానికి ఒక్క మెట్టు. రెండో వారానికి మూడు.

నీడ మాత్రం రాలేదు. నీడ లేని కుక్క రోజురోజుకూ తేలికవుతుంది, పదమూడు వారాలు దాటదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. మాంసం కొట్టు డెక్లాన్ వారం వారం టిల్లీని తన తూకం మీద నిలబెట్టేవాడు.

"ఇరవై రెండు కిలోలు. పోయిన వారం ఇరవై నాలుగు," అన్నాడు. "మా పెద్దమ్మ కుక్క నీడ పది రోజుల్లో ఇంటికొచ్చేసింది డింప్నక్కా. నీదానిది మొండిఘటం."

"నాకంటే మొండిదా? ఎముక ఇవ్వు. మూలుగున్నది చూసివ్వు."

ప్రతి శనివారం ఆమె కంచె దగ్గర నిలబడి నీడను పేరు పెట్టి పిలిచింది. అది తల తిప్పలేదు. పైగా మేలో మాసీ దాన్ని పట్టి, నల్ల జిగురు పట్టీతో తన కొత్త కుక్క కాళ్లకు అంటించాడు. పెట్టెలోంచి బయటికి రావడానికే బద్ధకించే కుక్క, రెండు నీడలతో వరసగా నాలుగు పందేలు గెలిచింది.

"అది దారిన పోయే నీడ. దొరికినవాడిదే," అన్నాడు మాసీ.

మైదానం న్యాయనిర్ణేత ముసలి కాన్ దగ్గరికి వెళ్లింది డింప్నా. ఆయన కళ్లజోడు సర్దుకుని, "నిబంధనల్లో కాళ్ల లెక్కే ఉందమ్మా, నీడల లెక్క లేదు," అన్నాడు.

పదమూడో వారం. శనివారం పొద్దున టిల్లీ తొమ్మిదో మెట్టు మీద ఆగిపోయి వణికింది. డింప్నా దాన్ని ఒంటిచేత్తో ఎత్తి కిందికి దింపింది. అంత తేలికైపోయింది. గుమ్మం పక్కన కొక్కేనికి పాత తాడు వేలాడుతోంది. దాన్ని చూస్తూ నిలబడిపోయింది. పదకొండేళ్లలో పరుగెత్తే కుక్కను ఎవరైనా పేరు పెట్టి పిలిచారా? పిలిస్తే ఏ కుక్కయినా ఆగిందా? గీత దాటాక చేత్తో పట్టుకోవాలి. దీన్ని ఎవరూ పట్టుకోలేదు.

"ఓసి నా బంగారూ," అంది. "నీ పరుగు ఇంకా అవనే లేదు కదే."

సాయంత్రం నాలుగో పందెం ముగిసింది. మాసీ కొత్త కుక్క గెలిచి, నాలుక వేలాడేసి ఆగింది. పట్టీ ఊడిపోయి, టిల్లీ నీడ ఎప్పటిలాగే ఆగకుండా సాగిపోయింది. అప్పుడు డింప్నా తెల్లకోటు తొడుక్కుని, కంచె తలుపు తీసి, టిల్లీతో మూడో మలుపు దగ్గర ఇసుకలో అడుగుపెట్టింది.

"బయటికి రా డింప్నా! తర్వాతి పరుగు ఆలస్యమవుతుంది!" మైకులో అరిచాడు కాన్.

"ముందుది పూర్తి కానివ్వండి కాన్ గారూ! మార్చి నెలది!"

కాన్ పాత చిట్టా తిరగేశాడు. నాలుగో నంబరు ఎదురుగా సమయం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. గడియారం బల్ల మీద పెట్టి, కలం చేతికి తీసుకున్నాడు.

టిల్లీ కుంటుతూ నడిచింది. రెండుసార్లు కూర్చుండిపోయింది. రెండుసార్లూ డింప్నా మోకాళ్ల మీదికి దిగి, మెట్ల మీద చేసినట్టే, కాళ్లు ఒక్కొక్కటీ పట్టి ముందుకు పెట్టింది. జనం అరవలేదు. టోపీలు తీసి నిలబడ్డారు. టిల్లీ గీత దాటింది. డింప్నా అవతలికి పోయి, తాడు విప్పి పట్టుకుని, వంగి ఎదురుచూసింది. మలుపు తిరిగి నీడ వస్తోంది.

మాసీ కంచె దూకి వచ్చి, బూటు కాలితో ఆ నీడ తోక తొక్కిపట్టాడు.

"ఇది నాది!"

"కాలు తియ్యి, మాసీ."

"తియ్యను!"

నీడ ఒక్క గుంజు గుంజింది. బట్ట చినిగినట్టు చప్పుడైంది. నీడ వచ్చి టిల్లీ కాళ్ల కింద పడుకుంది. డింప్నా తాడు తగిలించింది.

"నాలుగో నంబరు, టిల్లీ," మైకులో చదివాడు కాన్. "సమయం, తొంభై ఒక్క రోజులు, ఇరవై నిమిషాలు."

చినిగింది మాసీ నీడ. అతని బూటు కింది నుంచి ఊడి, కుందేలు బొమ్మ వెంట పరుగు తీసింది.

ఆ మర్నాడు టిల్లీ పద్నాలుగు మెట్లూ ఎక్కి, డింప్నా మంచం మీద అడ్డంగా పడుకుంది.

మాసీ తన నీడను తనే పిలుచుకున్నాడు. అది తల తిప్పలేదు. గీత దగ్గర తాడు పట్టుకుని నిలబడమని ఊళ్లో ఒక్కొక్కరినీ అడిగాడు. ఎవరూ రాలేదు. చివరికి డింప్నా గుమ్మం ముందుకొచ్చాడు.

"వస్తాను," అంది ఆమె. "నీ దొడ్లో ఇంకా తొమ్మిది కుక్కలున్నాయి. వాటికి తొమ్మిది ఇళ్లు చూడు. చూసిన రోజున వస్తాను."

"ఆలోచిస్తాను," అన్నాడు మాసీ.

పదమూడు వారాలు ఆలోచించాడు. సెప్టెంబరులో అతన్ని పూడ్చడానికి తీసుకుపోయినప్పుడు, శవపేటిక మోయడానికి ఇద్దరు మనుషులే సరిపోయారు.